ముగ్గురాయి పుట్టిన చుక్కలు

కంటికి ఎర్రగా, నారింజ వన్నెలో కనిపించే చుక్కలు దాదాపు అన్నీ ముసలివే. ఎర్రని నక్షత్రాల్లో చిన్నవి లెక్కకు మించి ఉన్నాయి గానీ వాటి వెలుగు కంటికి ఆనేంత కాదు. టెలిస్కోపు లేకుండా ఒక ఎర్ర నక్షత్రం కనబడిందంటే, అది దాదాపు ఎప్పుడూ నడిగర్భంలో హైడ్రోజన్ అయిపోయి, ఒళ్లు ఉబ్బి, పైపొర చల్లబడిన నక్షత్రం. వీటిని రెడ్ జెయింట్లు అంటారు. అరుణ మహాతారలన్న పేరూ ఉంది. తెలుగు రైతు కార్తెల వరుసలో బాగా ఎర్రగా కనిపించేవి నాలుగు: రోహిణి, ఆరుద్ర, స్వాతి, జ్యేష్ఠ. పాశ్చాత్యులకు ఇవే అల్డెబరాన్, బీటెల్‌జూస్, ఆర్క్‌ట్యూరస్, అంటారెస్.

అనకాపల్లి జిల్లా చీడికాడ నుంచి చూసేవారికి వీటిలో రెండు ప్రత్యేకంగా అనుకూలం. ఆ ఊరు భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 18 డిగ్రీల మీద ఉంది. రోహిణి ఆకాశంలో 16.5 డిగ్రీల ఉత్తరాన, స్వాతి 19 డిగ్రీల ఉత్తరాన తిరుగుతాయి. అంచేత రెండూ ఒకటిన్నర డిగ్రీల తేడాలో చీడికాడ నడినెత్తి మీదుగా పోతాయి. సంక్రాంతి రోజుల్లో రాత్రి తొమ్మిది వేళ కోనాం జలాశయం గట్టున నిలబడి తల పూర్తిగా వెనక్కి వాలిస్తే కనిపించే నారింజ చుక్క రోహిణి. మే నెల నడుమ రాత్రి పదిన్నర దాటాక ఆరుబయట మంచం మీద వెల్లకిలా పడుకుంటే కళ్లకు సూటిగా ఎదురయ్యేది స్వాతి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మాత్రం రోహిణి కనబడదు. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రం దగ్గర ఉండే పదమూడు పద్నాలుగు రోజులు. అప్పుడు ఆ చుక్క పగటి వెలుగులో కలిసిపోతుంది.

పేర్ల విషయంలో ఒక తమాషా ఉంది. జ్యేష్ఠ అంటే అందరికన్నా పెద్దది. ఆ నక్షత్రం వయసు మాత్రం కోటి, కోటిన్నర ఏళ్లు. స్వాతి వయసు వందల కోట్ల ఏళ్లు, సూర్యుడికన్నా పెద్దది. నక్షత్రాల్లో ముసలితనం పుట్టి ఎన్నేళ్లయిందన్న దాన్ని బట్టి రాదు, ఎంత బరువుతో పుట్టిందన్న దాన్ని బట్టి వస్తుంది. బరువైన నక్షత్రం తన ఇంధనాన్ని దుబారాగా కాల్చేస్తుంది. సూర్యుడికి పన్నెండు రెట్ల బరువుండే జ్యేష్ఠకు కోటి ఏళ్లలోనే ముసలితనం వచ్చింది. సూర్యుడంత బరువున్న నక్షత్రానికి అదే వెయ్యి కోట్ల ఏళ్లకు వస్తుంది.

సూర్యుడి నడిగర్భంలో వేడి కోటిన్నర డిగ్రీలు. అక్కడ నాలుగు హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి ఒక హీలియం కేంద్రకం అవుతుంది. పోయిన కొద్దిపాటి ద్రవ్యరాశి వెలుగుగా, వేడిగా బయటపడుతుంది. ఈ పని 460 కోట్ల ఏళ్లుగా సాగుతోంది, ఇంకో 500 కోట్ల ఏళ్లు సాగుతుంది. ఆ తర్వాత నడుమ మిగిలేది హీలియం బూడిద. ఆ వేడికి హీలియం మండదు. మంట ఆరిన గర్భం సొంత బరువుకు కుంగుతుంది, కుంగే కొద్దీ ఇంకా వేడెక్కుతుంది. దాని చుట్టూ ఉన్న పొరలో హైడ్రోజన్ అంటుకుని మునుపటికన్నా జోరుగా మండుతుంది. లోపల కుదించుకుపోతుంటే బయట ఉబ్బిపోవడం చిత్రంగా తోస్తుంది గానీ, ఆ పొర నుంచి పొంగుకొచ్చే శక్తి బయటికి పోవాలంటే పైభాగం విచ్చుకోక తప్పదు. అంత వెడల్పయిన ఉపరితలం చల్లబడి ఎర్రబారుతుంది. స్వాతి సూర్యుడికి 25 రెట్లు వెడల్పు, భూమికి 37 కాంతి సంవత్సరాల దూరం. రోహిణి 44 రెట్లు, 65 కాంతి సంవత్సరాలు.

ఉబ్బడంతో పాటు లోపల ఇంకో మార్పు జరుగుతుంది. దాన్ని అర్థం చేసుకోవడానికి అనకాపల్లి, చోడవరం వైపు బెల్లం వండే పెనం చాలు. చెరకు రసం పోసిన కొత్తలో అడుగున ఉన్నది అడుగునే ఉంటుంది. తెర్లడం మొదలయ్యాక అడుగు రసం బుడబుడమని పైకి తేలుతుంది, పైది అంచుల వెంట కిందికి దిగుతుంది. అడుగున ఏ కొంచెం మాడినా ఆ రంగు కాసేపట్లో పైన కనబడిపోతుంది. ఇప్పటి సూర్యుడిలో ఇలా తెర్లేది పైనున్న మూడో వంతు లోతు మాత్రమే. మహాతారగా మారాక ఆ తెర్లడం మంట పొర దాపుకు చేరి, పూర్వం అక్కడ వండిన పదార్థాన్ని ఉపరితలానికి తెస్తుంది. దీన్నే డ్రెడ్జ్-అప్ అంటారు, అంటే అడుగు తోడడం.

మొదటిసారి తోడినప్పుడు పైకొచ్చేది ముఖ్యంగా నైట్రోజన్. కార్బన్ తగ్గుతుంది, ఆ కార్బన్‌లో 13 బరువున్న రకం పెరుగుతుంది. సూర్యుడిలో 13 బరువు కార్బన్ పరమాణువు ఒకటి ఉంటే 12 బరువువి తొంభై దాకా ఉంటాయి. స్వాతిలో ఏడెనిమిదే ఉన్నాయి. ఒక్కసారి తోడినంత మాత్రాన ఈ లెక్క ఇరవై దగ్గరే ఆగాలి. అంటే ఆ తర్వాత కూడా లోపల ఏదో కలియబెడుతోంది. ఏది కలియబెడుతోందన్న దాని మీద వాదాలు నడుస్తూనే ఉన్నాయి.

గర్భం కుంగి కుంగి పది కోట్ల డిగ్రీలకు చేరినప్పుడు హీలియం అంటుకుంటుంది. సూర్యుడి బరువుండే నక్షత్రాల్లో ఇది ఒక్కసారిగా భగ్గుమంటుంది. కొద్దిసేపు ఒక గెలాక్సీ మొత్తం వెలుగుతో పోల్చదగ్గ శక్తి పుడుతుంది. బయట నిలబడి చూసేవారికి ఏమీ తెలియదు. ఆ శక్తంతా బిగుసుకుపోయిన గర్భాన్ని వదులు చేయడానికే ఖర్చయిపోతుంది. అక్కడి నుంచి నక్షత్రం కాస్త చిన్నదై, సుమారు పది కోట్ల ఏళ్లు నిలకడగా హీలియం కాలుస్తుంది. ఇలాంటివన్నీ వెలుగులోనూ రంగులోనూ ఒకేలా ఉండి, ఆ రెంటినీ బట్టి గీసే పటంలో ఒకచోట గుమిగూడతాయి కాబట్టి ఆ దశకు రెడ్ క్లంప్, అంటే ఎర్ర గుంపు, అని పేరు పెట్టారు.

హీలియం మండితే వచ్చేది కార్బన్. దారి మాత్రం ఇరుకు. రెండు హీలియం కేంద్రకాలు కలిస్తే పుట్టే బెరీలియం కనురెప్ప పాటులో కోట్లో వంతు కూడా నిలవదు. ఆలోగా మూడో హీలియం వచ్చి తగలాలి. ఇది నక్షత్రాల్లో తగినంత జోరుగా జరగాలంటే కార్బన్ కేంద్రకానికి ఒక ప్రత్యేకమైన శక్తి స్థాయి ఉండి తీరాలని 1953లో ఖగోళవేత్త ఫ్రెడ్ హోయిల్ లెక్క కట్టారు. కాలిఫోర్నియాలోని కెల్లాగ్ ప్రయోగశాలలో వెతికితే ఆ స్థాయి దొరికింది. విశ్వంలో ఇంత కార్బన్ ఉంది కాబట్టి ఆ స్థాయి ఉండాలి అన్న పంథాలో సాగి నిజమైన ఊహ ఇది. భౌతికశాస్త్రంలో ఇలాంటివి అరుదు.

ఈ ఎర్ర గుంపు దశ దగ్గరే లిథియం చిక్కుముడి ఉంది. ఫోన్ బ్యాటరీల్లో వాడే ఈ మూలకం నక్షత్రాల్లో బతకడం కష్టం. పాతిక లక్షల డిగ్రీల వేడికే పగిలిపోతుంది. సూర్యుడి పైపొరలో కూడా, ఉల్కల్లో ఉన్నదానితో పోలిస్తే, నూట యాభయ్యో వంతు మాత్రమే మిగిలింది. ఇక అడుగు దాకా పొర్లే మహాతారల్లో లిథియం దాదాపు లేకుండా పోవాలి. కానీ 1982లో వాలర్‌స్టీన్, స్నెడెన్ అనే శాస్త్రవేత్తలు లిథియం దండిగా ఉన్న ఒక మహాతారను కనిపెట్టారు. ఆ తర్వాత అలాంటివి ఒకటీ అరా దొరుకుతూ వచ్చాయి, వాటిని వింత నక్షత్రాల కింద జమ కట్టారు.

బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థకు చెందిన బాచం ఈశ్వర్ రెడ్డి, యెర్రా భరత్ కుమార్‌లు ఈ వింతల వెంటే చాలా ఏళ్లు పడ్డారు. రెండు వేల మహాతారలను వడపోసి, లిథియం ఎక్కువగా ఉన్న 15 కొత్త నక్షత్రాలను పట్టి, అవి ఎక్కువగా ఎర్ర గుంపు దగ్గరే ఉన్నాయని డేవిడ్ లాంబర్ట్‌తో కలిసి 2011లో ప్రకటించారు. తర్వాత ఆస్ట్రేలియాలో జరిగిన గాలా సర్వే వర్ణపటాలు, గాయా ఉపగ్రహం కొలిచిన దూరాలు చేతికి అందాయి. 2020లో నేచర్ ఆస్ట్రానమీ పత్రికలో వారి బృందం అచ్చు వేసిన ఫలితం అంతకన్నా పెద్దది. లిథియం పెరగడం కొన్ని నక్షత్రాల వింత కాదు. సూర్యుడి బరువుకు దగ్గరగా ఉండే నక్షత్రాలన్నిటిలో ఉబ్బుడు దశ చివరికీ ఎర్ర గుంపు దశకూ మధ్య లిథియం సగటున 40 రెట్లు పెరుగుతోంది. సూర్యుడికి కూడా ఆ వంతు వస్తుందన్నమాట.

అంత లిథియం ఎక్కడిది? రెండు రకాల హీలియం కేంద్రకాలు కలిస్తే 7 బరువున్న బెరీలియం పుడుతుంది. అది ఒక ఎలక్ట్రాన్‌ను మింగి లిథియం అవుతుంది. బెరీలియం సగం ఆయుష్షు, అంటే ఉన్నదాంట్లో సగం ఇలా మారిపోవడానికి పట్టే కాలం, 53 రోజులు. ఆ గడువులోగా బెరీలియాన్ని ఎవరో చల్లని చోటికి చేరవేయాలి. వేడిలోనే ఉండిపోతే పుట్టిన లిథియం పుట్టినట్టే పోతుంది. కామెరాన్, ఫౌలర్ అనే శాస్త్రవేత్తలు 1971లో ఈ దారి చూపించారు. హీలియం భగ్గుమన్నప్పటి కుదుపే ఆ చేరవేతకు కారణమని చాలామంది అనుమానం.

ఇంత దూరాన ఉన్న చుక్కను చూసి అది మహాతారా, మామూలు నక్షత్రమా అని తేల్చడం కూడా ఒకప్పుడు గడ్డు పనే. ఎర్రగా మినుకుమంటున్నది దగ్గరున్న చిన్న దీపం కావచ్చు, దూరానున్న పెద్ద మంటా కావచ్చు. దీనికి దొరికిన చక్కని ఉపాయాల్లో ఒకదానికి హైదరాబాదు కుర్రవాడి పేరుంది. వేణు బాప్పు తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. టెలిస్కోపుల మధ్య పెరిగిన బాప్పు నిజాం కాలేజీలో చదివి హార్వర్డ్ వెళ్లారు. ఓలిన్ విల్సన్‌తో కలిసి ఆయన 1957లో బయటపెట్టిన సంగతి ఇది: చల్లని నక్షత్రాల వర్ణపటంలో ఊదారంగు చివర కాల్షియం వేసే నల్లగీత నడుమ సన్నటి వెలుగు గీత ఒకటి ఉంటుంది. నక్షత్రం అసలు వెలుగు ఎంత ఎక్కువైతే ఆ గీత అంత వెడల్పు. గీత వెడల్పు కొలిస్తే అసలు వెలుగు తెలుస్తుంది, దాంతో దూరం తెలుస్తుంది. విల్సన్-బాప్పు ప్రభావం పేరు ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. తమిళనాడులోని కావలూరులో ఆయన మొదలుపెట్టించిన 2.3 మీటర్ల టెలిస్కోపు ఆయన పోయాక, 1986లో, ఆయన పేరుతోనే ప్రారంభమైంది.

జ్యేష్ఠ, ఆరుద్రల దారి వేరు. సూర్యుడికి ఎనిమిది రెట్లు మించిన బరువుంటే కార్బన్‌తో వంట ఆగదు. కార్బన్ మండుతుంది, తర్వాత నియాన్, ఆక్సిజన్, చివరికి సిలికాన్. ఉల్లిపొరల్లా ఒకదాని లోపల ఒకటి. హైడ్రోజన్‌కు కోటి ఏళ్లు పట్టినచోట సిలికాన్ కొద్ది రోజుల్లో అయిపోతుంది. మిగిలేది ఇనుము. ఇనుమును మండిస్తే శక్తి రాదు, ఎదురు ఖర్చవుతుంది. గర్భం ఒక్క సెకనులో కూలి, పైభాగం సూపర్నోవాగా చెదిరిపోతుంది. సముద్రపు నీటిలో ఆక్సిజన్, చెరకు రసం తేర్చడానికి వేసే సున్నంలో కాల్షియం ఇలాంటి పేలుళ్ల నుంచి వచ్చినవే. ఇనుములో పెద్ద వంతు మాత్రం తెల్ల మరుగుజ్జులనే, మంట ఆరిన నక్షత్ర గర్భాల పేలుళ్లది. 2019 చివర నుంచి ఆరుద్ర వెలుగు తగ్గుతూ వచ్చి సగానికన్నా పడిపోతే పేలబోతోందని చాలామంది ఆశపడ్డారు. అది కక్కిన ధూళి మేఘమే దానికి అడ్డొచ్చిందని తర్వాత తేలింది.

ఇనుము దగ్గర ఆగిన పనిని ముందుకు తీసుకుపోయేది మళ్లీ మామూలు బరువు నక్షత్రాలే, అదీ వాటి ఆఖరి దశలో. నడుమ హీలియం కూడా అయిపోయాక గర్భంలో కార్బన్, ఆక్సిజన్ ముద్ద మిగులుతుంది. దాని పరిమాణం భూమంత ఉంటుంది, బరువు సూర్యుడి బరువులో సగానికి పైన. దాని మీద పలచని హీలియం పొర, ఆ పైన హైడ్రోజన్ మండే పొర. నక్షత్రం రెండోసారి, మునుపటికన్నా పెద్దగా ఉబ్బుతుంది, నెలల తరబడి ఊపిరి తీసినట్టు పొంగుతూ కుంగుతూ వెలుగు మార్చుకుంటుంది. వీటికి మీరా నక్షత్రాలని పేరు. మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో వెలుగు మారుతున్నట్టు కనిపెట్టిన ఆర్ రెటిక్యులై ఇలాంటిదే.

లోపల హైడ్రోజన్ పొర రాల్చే హీలియం బూడిద పేరుకుని పేరుకుని, పది వేల నుంచి లక్ష ఏళ్లకొకసారి భగ్గుమంటుంది. అలా భగ్గుమన్న ప్రతిసారీ పైపొర తెర్లడం మరింత లోతుకు దిగి అడుగు తోడుతుంది. ఈసారి పైకొచ్చేది కార్బన్. కొన్నిటిలో కార్బన్ ఆక్సిజన్‌ను మించిపోయి, ఆకాశమంతా మసి కక్కే కార్బన్ నక్షత్రం తయారవుతుంది. కార్బన్‌తో పాటు ఇంకా విలువైనది కూడా వస్తుంది.

1952లో ఖగోళవేత్త పాల్ మెరిల్ ఇలాంటి కొన్ని నక్షత్రాల వర్ణపటాల్లో టెక్నీషియం గీతలు చూశారు. అది నిలకడ లేని మూలకం. దాని రకాల్లో ఎక్కువ కాలం బతికేదానికి కూడా సగం ఆయుష్షు 42 లక్షల ఏళ్లు. నక్షత్రం వయసేమో వందల కోట్ల ఏళ్లు. పుట్టుకతో వచ్చిన టెక్నీషియం ఎప్పుడో అంతరించి ఉండాలి. కాబట్టి గీతల్లో కనిపిస్తున్నది అక్కడే, ఈ మధ్యే తయారైంది. నక్షత్రాలు మూలకాలను తయారుచేస్తాయన్నది అప్పటిదాకా సిద్ధాంతం. ఆ గీతలతో అది కంటికి కనిపించింది. ఐదేళ్లకు, 1957లో, బర్బిడ్జ్ దంపతులు, ఫౌలర్, హోయిల్ కలిసి ఏ మూలకం ఏ దారిలో పుడుతుందో ఒక పెద్ద వ్యాసంలో పటం గీశారు.

ఆ పటంలో ఈ దారి పేరు ఎస్-ప్రాసెస్, నిదానపు పద్ధతి. రెండు మంట పొరల నడుమ 13 బరువు కార్బన్ ఒక హీలియాన్ని పట్టుకుని ఆక్సిజన్‌గా మారుతూ ఒక న్యూట్రాన్‌ను వదిలేస్తుంది. పాత పేలుళ్ల నుంచి వారసత్వంగా వచ్చిన ఇనుప కేంద్రకం దాన్ని మింగుతుంది. కొన్నేళ్లకు ఇంకొకటి. న్యూట్రాన్లు ఎక్కువై కేంద్రకం నిలవలేనప్పుడు ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారిపోతుంది, మూలకం పేరు మారుతుంది. ఇనుము కోబాల్ట్ అవుతుంది, కోబాల్ట్ నికెల్ అవుతుంది. అలా మెట్టు మెట్టుగా సీసం, బిస్మత్ దాకా. ఇనుముకన్నా బరువైన మూలకాల్లో సుమారు సగం ఇలా వచ్చినవే.

ఈ మెట్ల దారిలో మూడు చోట్ల రద్దీ ఏర్పడుతుంది. కేంద్రకంలో న్యూట్రాన్లు 50, 82, 126 ఉన్నప్పుడు అది కడుపు నిండినట్టుంటుంది, ఇంకో న్యూట్రాన్‌ను మింగడానికి మొండికేస్తుంది. వెనక నుంచి వచ్చేవి అక్కడే పోగుపడతాయి. 50 దగ్గర పోగుపడేవి స్ట్రాన్షియం, ఇట్రియం, జిర్కోనియం. 82 దగ్గర బేరియం. 126 దగ్గర సీసం.

జిర్కోనియం మొండితనం హైదరాబాదులో పనికొస్తోంది. అణు రియాక్టరులో ఇంధనాన్ని పెట్టే గొట్టం న్యూట్రాన్లను మింగకూడదు, మింగితే గొలుసు చర్య ఆగిపోతుంది. అందుకే ఆ గొట్టాలను జిర్కోనియం మిశ్రమలోహంతో చేస్తారు. హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ పని అది. నక్షత్రంలో జిర్కోనియం పోగుపడడానికీ, రియాక్టరులో దాన్ని వాడడానికీ కారణం ఒక్కటే. భీమిలి తీరపు నల్ల ఇసుకలో జిర్కాన్ గింజలున్నాయి. అరచేతిలో పట్టే ఆ ఇసుకలో జిర్కోనియం పరమాణువులు వందకు 51 దాకా సరిగ్గా 50 న్యూట్రాన్లున్నవే.

వండినది బయటికి రావడానికి పేలుడు అక్కర్లేదు. ఉబ్బిన నక్షత్రానికి తన పైపొర మీద పట్టు తక్కువ. ప్రతి పొంగుకూ వాయువు పైకి లేచి చల్లబడుతుంది, ధూళిగా గడ్డకడుతుంది, వెలుగు తాకిడికి ఆ ధూళి వాయువును లాక్కుంటూ గాలిలా వెళ్లిపోతుంది. కొన్ని లక్షల ఏళ్లలో నక్షత్రం సగం దాకా ఇలా కరిగిపోతుంది. నడుమ మిగిలిన గర్భం తెల్ల మరుగుజ్జు. సూర్యుడికీ ఇదే ముగింపు. జంటగా ఉన్న నక్షత్రాల్లో ఒకటి ఇలా కరిగితే ఆ గాలి పక్కదాని మీద పడుతుంది. సొంతంగా వండుకోకుండానే బేరియం ఎక్కువగా కనిపించే నక్షత్రాలను 1951లో గుర్తించారు. వాటి పక్కన కంటికి కనిపించని మరుగుజ్జు తోడు ఉందని 1980లో తేలింది.

ఆ ధూళి రేణువులు కొన్ని చెక్కుచెదరకుండా భూమికి చేరాయి. 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్ దగ్గర పడిన ఉల్కలో సిలికాన్ కార్బైడ్ రేణువులు దొరికాయి. అవి సూర్యుడు పుట్టకముందువి, ఎక్కువ భాగం కార్బన్ నక్షత్రాలు కక్కినవి. వాటి లోపలి బేరియం పాళ్లు నిదానపు పద్ధతి లెక్కకు సరిపోయాయి.

భూమ్మీది బేరియం మాత్రం వందలాది నక్షత్రాల కలగలుపు. అది కుప్పగా దొరికే చోట్లలో ప్రపంచంలోనే పెద్దదిగా చెప్పదగ్గది ఆంధ్రప్రదేశ్‌లో, ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో ఉంది. అక్కడ తవ్వేది బెరైటీస్, అంటే బేరియం సల్ఫేట్. తెలుగులో దాని పేరు ముగ్గురాయి. చూడడానికి మామూలు బూడిదరంగు రాయే. చేతిలోకి తీసుకుంటే తేడా తెలుస్తుంది: అదే పరిమాణంలో ఉన్న గులకరాయికి ఒకటిన్నర రెట్లకు పైగా బరువు. ఆ బరువు కోసమే చమురు బావులు తవ్వేటప్పుడు పొడి చేసి బురదలో కలుపుతారు. పొట్ట ఎక్స్‌రేకు ముందు రోగి చేత తాగించే బేరియం మీల్ కూడా ఇదే పదార్థం. ముగ్గురాయిలోని బేరియం పరమాణువుల్లో వందకు 72 దాకా 138 బరువున్నవి, అంటే 82 న్యూట్రాన్ల దగ్గర రద్దీలో చిక్కుకున్నవి. మొత్తం బేరియంలో ఎనభై పాళ్లకు పైగా ముసలి మహాతారల నిదానపు వంట. తక్కినది న్యూట్రాన్ల జడివాన క్షణాల్లో కురిసి వెలిసిన చోట్ల, రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్నప్పుడో అలాంటి మరో విపత్తులోనో, పుట్టింది.